ఫాంటసీ నవలల కబుర్లకు డిస్కార్డ్ ఎలా ఉంది?

పెద్ద ఫాంటసీ సిరీస్‌ని పదిమందీ కలిసి చదువుతూ మాట్లాడుకోవాలంటే ఇప్పటికైతే గ్రూపు కబుర్ల యాప్ డిస్కార్డే నయం. ముఖ్య కారణం, స్పాయిలర్ (కథ గుట్టు ముందే బయటపెట్టే మాట) దాచే సదుపాయం. వాక్యానికి ముందు రెండు, వెనక రెండు నిలువు గీతలు (||) పెడితే అది ముదురు పట్టీ వెనక దాక్కుంటుంది, నొక్కితేనే కనబడుతుంది. ఒక్క గీత తగ్గిందా, ఎవరు చచ్చిపోయారో గ్రూపంతటికీ తెలిసిపోతుంది! ఫొటోకి ఈ గీతలు పనిచేయవు, పంపేముందు విడిగా స్పాయిలర్‌గా గుర్తించాలి. ఏ పుస్తకం, ఏ అధ్యాయం అన్నది మాత్రం పట్టీ బయటే రాయండి. లేకపోతే నొక్కాలో వద్దో చదివేవాళ్లకి తెలిసేదెలా?

ఫోరమ్ ఛానెల్ (ఒక్కో అంశానికి విడిగా పోస్టు తెరిచే చర్చా గది) తప్పకుండా పెట్టుకోండి. 'ద లార్డ్ ఆఫ్ ది రింగ్స్'లో 62 అధ్యాయాలు. అధ్యాయానికో పోస్టు తెరిస్తే వెనకబడ్డవాళ్లూ నిశ్చింతగా మాట కలపొచ్చు. మామూలు ఛానెల్లోనైతే ఎంత మంచి విశ్లేషణైనా సాయంత్రానికల్లా పైకి కొట్టుకుపోతుంది.

ఉచిత ఖాతాలో మెసేజ్‌కి 2000 అక్షరాలే. తెలుగులో ఒత్తులు, గుణింతాలు కూడా విడిగా లెక్కకొస్తాయి, 'శ్రీ' ఒక్కటే నాలుగు తింటుంది. పెద్ద విశ్లేషణని రెండు మెసేజ్‌లుగా విడగొట్టండి, స్పాయిలర్ గీతలు దేనికవే మూయండి.