గ్రావెల్ అని బిల్లు వేసి నల్లమట్టి పోశారు: డెల్టాలో ఇల్లు కట్టేవాళ్లు జాగ్రత్త

భీమవరం, పాలకొల్లు వైపు "మెటీరియల్‌తో సహా అడుగు లెక్క" అని ప్యాకేజీ మాట్లాడే కాంట్రాక్టర్ ఈయన. పేరు రాయడం లేదు. ఈ ఏడాది ఆయన చేత బేస్‌మెంట్ వేయించుకున్నవాళ్లకి ఎవరో అర్థమవుతుంది. వాళ్ల కోసమే ఇది వెంటనే రాస్తున్నాను. ఆలస్యమైతే టైల్స్ పడిపోతాయి, ఆ తర్వాత తెలిసినా పగలగొట్టడం తప్ప దారి ఉండదు.

మా స్థలం వరిచేలో వేసిన ప్లాటు. గోతులు తీస్తే పైనుంచి కిందిదాకా నల్లరేగడే. 12 పిల్లర్లు, ఒక్కో గొయ్యి 6 × 6, లోతు 6 అడుగులు. లోపలి వైశాల్యం సుమారు 1000 చదరపు అడుగులు, బేస్‌మెంట్ ఎత్తు 3 అడుగులు. ఒప్పుకున్నది ఇదీ: గోతుల్లోంచి తీసిన నల్లమట్టి మొత్తం బయటికి తోలేయాలి. లోపల మూడు అడుగులూ మెట్ట నుంచి వచ్చే ఎర్ర గ్రావెల్‌తోనే నింపి, పొరలు పొరలుగా దిమ్మిస కొట్టాలి. ప్లింత్ బీమ్ (పిల్లర్లని కలుపుతూ గోడల కింద వేసే కాంక్రీటు దూలం) కింద 3 అంగుళాల ఖాళీ వదలాలి. మూడూ కాగితం మీద ఉన్నాయి. ఫిల్లింగ్ బిల్లు శుక్రవారం చెల్లించాం. సోమవారం ఫ్లోరింగ్ కింద పీసీసీ (రాడ్డు లేని కాంక్రీటు) వేయాలి.

ఆదివారం ప్లంబర్ బాత్రూమ్ పైపు కోసం కాలవ తవ్వాడు. మొదటి అడుగు ఎర్రగా, పొడిపొడిగా వచ్చింది. ఆ కిందికి దిగేసరికి పార దిగబడిపోయింది. పైకి లాగితే పారకి అంటుకుని నల్లమట్టి ముద్ద వచ్చింది. విదిలించినా రాలలేదు. వేలితో నొక్కితే సబ్బులా మెరిసింది. అందులో నిరుటి వరి దుబ్బు వేళ్లు కూడా ఉన్నాయి. అది మా గోతుల్లోంచి తీసిన మట్టే. బయటికి తోలినందుకు ఒకసారి డబ్బు తీసుకున్నారు. దాన్నే రాత్రిపూట లోపలికి తోసి, పైన ఒక్క అడుగు గ్రావెల్ కప్పి, మూడు అడుగుల గ్రావెల్ అని రెండోసారి తీసుకున్నారు.

కాలవ ప్లింత్ బీమ్ దాకా వెళ్లేసరికి ఇంకోటి బయటపడింది. బీమ్ కింద ఖాళీ లేదు. బెడ్ కాంక్రీటు కూడా లేదు. తడి మట్టి మీదే కవర్ బ్లాకులు (రాడ్డు కింద ఎడం కోసం పెట్టే సిమెంటు బిళ్లలు) పెట్టి, వాటి మీద రాడ్డు కట్టి కాంక్రీటు పోసేశారు. రాడ్డు బరువుకి బ్లాకులు మట్టిలోకి దిగిపోయాయి. బీమ్ అడుగున చెయ్యి పెడితే 16 ఎం.ఎం. రాడ్డు వేళ్లకి తగులుతోంది. చుట్టూ ఉన్నది సిమెంటు కాదు, మట్టి పట్టిన కంకర.

కాంట్రాక్టర్‌కి ఫోన్ చేస్తే వచ్చాడు. కాలవలోకి వంగి కూడా చూడలేదు. గట్టు మీద నిలబడి అన్న మాట ఇది: "లోపల ఏముందో ఎవరు చూడొచ్చారండీ? పైన టైల్స్ పడ్డాక అన్నీ ఒకటేనండి. నలభై ఇళ్లు కట్టానండి నేను, ఒక్కళ్లూ ఇలా గునపం పెట్టి పొడిచి చూడలేదు." అబద్ధమాడినా ఇంత బాధ ఉండేది కాదు. చేసింది ఒప్పుకుంటూ, అడగడమే తప్పన్నట్టు మాట్లాడాడు. ఆ నలభై ఇళ్లల్లో ఎన్నింటి కింద ఈ నల్లమట్టి ఉందో అన్న ఆలోచన వచ్చాక నిద్ర పట్టలేదు.

"మట్టి మట్టే కదా, ఏమవుతుంది" అనేవాళ్లు చాలామంది ఉన్నారు, అందుకే వివరంగా చెప్పాలి. ఫ్లోర్ కింద నుంచి తీసిన మట్టిని ఫ్రీ స్వెల్ పరీక్షకి, అంటే ఎంత ఉబ్బుతుందో చూసే పరీక్షకి ఇచ్చాం. పరీక్ష పెద్దదేమీ కాదు. ఎండబెట్టి 425 మైక్రాన్ల జల్లెడ పట్టిన మట్టి 10 గ్రాముల చొప్పున రెండు కొలత గొట్టాల్లో వేస్తారు. ఒకదాంట్లో కిరోసిన్, ఇంకోదాంట్లో డిస్టిల్డ్ వాటర్. 24 గంటలు కదపకుండా ఉంచుతారు. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు. మా మట్టి కిరోసిన్‌లో 12 మిల్లీలీటర్ల దగ్గర ఆగింది, నీళ్లలో 21కి లేచింది. తేడా 9, దాన్ని 12తో భాగిస్తే 75 శాతం. 50 దాటితేనే చాలా ఎక్కువ ఉబ్బే మట్టి కింద లెక్క.

ఈ మట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది. డెల్టాలో ఆ రెండూ ఏటా జరుగుతాయి. వేసవిలో కాలవలు కట్టేశాక చేలల్లో చెయ్యి పట్టేంత నెర్రెలు చూస్తూనే ఉంటాం. జూన్‌లో నీళ్లు వదిలి, వానలు పడ్డాయంటే ఆ నెర్రెలన్నీ మూసుకుపోతాయి. ఇంటి కింద జరిగేదీ అదే. ఉబ్బేటప్పుడు ఈ రకం మట్టి పైకి తోసే ఒత్తిడి చదరపు మీటరుకి 5 టన్నుల నుంచి 20 టన్నుల పైదాకా ఉంటుంది. దాని మీద మనం పెట్టేది ఏమిటి? 4 అంగుళాల పీసీసీ చదరపు మీటరుకి పావు టన్ను. టైల్స్, వాటి కింద మాలు కలిపినా ఇంకో నూరు కిలోలు. ఆ బరువు దాన్ని అణచలేదు. పిల్లర్లు లోడు వల్ల కదలవు, మధ్యలో ఫ్లోర్ మాత్రం లేస్తుంది. ముందు గది మధ్యలో టైల్స్ డొల్లగా మోగుతాయి, తర్వాత రెండు టైల్స్ ఎదురెదురుగా పొంగి లేస్తాయి. తలుపు కింద రాసుకుంటుంది. ఫ్లోర్ మీద నుంచే లేపిన 4 అంగుళాల గోడలకి మూల నుంచి ఏటవాలుగా చీలిక వస్తుంది. వేసవిలో మట్టి కుంగితే ఫ్లోర్ కింద డొల్ల ఏర్పడి పీసీసీ విరుగుతుంది. రెండేళ్లు గడిచాక ఇది బయటపడితే టైల్స్ వేసినవాడిని తిడతాం. తప్పు అడుగున ఉంటుంది.

ప్లింత్ బీమ్ సంగతీ ఇంతే. నల్లరేగడిలో బీమ్‌ని నేలకి ఆనించకూడదు, కనీసం 80 ఎం.ఎం., అంటే సుమారు 3 అంగుళాల ఎడం ఉండాలి. అండర్ రీమ్డ్ పైల్స్ (అడుగున ఉబ్బుగా ఉండే స్తంభాల పునాదులు) కోడ్, ఐ.ఎస్. 2911 మూడో భాగంలోనే ఈ మాట ఉంది. ఫుటింగుల (పిల్లర్ల అడుగున వేసే వెడల్పు కాంక్రీటు దిమ్మెల) మీద కట్టే బీమ్‌కీ కారణం అదే. కింద మట్టి ఉబ్బితే ఆ ఖాళీలోకి ఉబ్బాలి, బీమ్‌ని తోయకూడదు. బీమ్‌ని పైనుంచి వచ్చే గోడ బరువుకి డిజైన్ చేస్తారు కానీ కింద నుంచి వచ్చే తోపుకి కాదు. ఖాళీ వదలడం కష్టమేమీ కాదు. బీమ్ అడుగుకి కూడా సెంట్రింగ్ పలక పెట్టి, కాంక్రీటు గట్టిపడ్డాక పలక లాగేస్తే చాలు. తర్వాత ఆ ఖాళీలోకి మట్టి జారకుండా రెండు పక్కలా సన్న రాతి పలకలు నిలబెడతారు. ఒక పూట పని.

ఆ బీమ్‌ల కాంక్రీటు గురించి కూడా చెప్పాలి. 9 × 15 అంగుళాల బీమ్, మొత్తం 200 అడుగుల పొడవు, సుమారు 5.3 ఘనపు మీటర్లు. 6 ఘనపు మీటర్ల రెడీమిక్స్ ట్రక్కు ఒకటి వచ్చింది. చీటీలో ఎం25 (కాంక్రీటు బలం గ్రేడు), ఘనపు మీటరుకి సిమెంటు 320 కిలోలు, నీళ్లు 160 లీటర్లు. అంటే నీళ్లు, సిమెంటు నిష్పత్తి సరిగ్గా 0.50. తడి నేలకి తగిలే కాంక్రీటుకి కాంక్రీటు కోడ్ ఐ.ఎస్. 456 పెట్టిన హద్దు అదే. అలాంటి దాంట్లో, జల్లు పడుతుండగానే, "గట్టిగా ఉందండి, జారట్లేదు" అంటూ 20 లీటర్ల టిన్నులతో ఆరు టిన్నుల నీళ్లు డ్రమ్ములో పోశారు. అంటే ఘనపు మీటరుకి ఇంకో 20 లీటర్లు. 180ని 320తో భాగించండి, 0.56. దాంతో ఎం25 కాస్తా ఎం20 దగ్గరికి వచ్చినట్టే. జారాలంటే నీళ్లు కాదు, ప్లాంటు వాళ్ల చేత సూపర్ ప్లాస్టిసైజర్ (నీళ్లు పెంచకుండానే జారేలా చేసే మందు) వేయించాలి, వైబ్రేటర్ సరిగ్గా పెట్టాలి. ఆ రోజు చూస్తూ ఊరుకోవడం మా తప్పే. డ్రమ్ములో మొదటి టిన్ను పడ్డప్పుడే ట్రక్కు వెనక్కి పంపించేయాల్సింది. బలం పరీక్షకి కాంక్రీటు క్యూబులు కూడా తీయించలేదు. 28 రోజులయ్యాక కోర్ (బీమ్‌లోంచి తొలిచి తీసే కాంక్రీటు ముక్క) తీయించడం ఒక్కటే మిగిలింది. మూడు కోర్ల సగటు కావలసిన బలంలో 85 శాతానికి తగ్గకూడదు, ఏ ఒక్కటీ 75 శాతానికి తగ్గకూడదు.

ఇప్పుడు రిపేరు ఎంత పనో చూడండి. రెండు అడుగుల మందాన 2000 ఘనపు అడుగుల నల్లమట్టి, తవ్వితే గుల్లబారి 25 ట్రాక్టర్ల పైమాటే. పిల్లర్లు, బీమ్‌లు అడ్డం కాబట్టి జేసీబీ లోపలికి వెళ్లదు. మొత్తం మనుషులే తట్టలతో మోయాలి, అది కూడా వానల్లో. బీమ్‌ల కింద మట్టి చేత్తో తీసి, బయటపడ్డ రాడ్డుకి వైరు బ్రష్ కొట్టి, బాండింగ్ కోటు వేసి రిపేరు మోర్టార్ పట్టించాలి.

"తీయడం ఎందుకు, సున్నం కలిపేద్దాం" అని ఇంకో మేస్త్రి సలహా ఇచ్చాడు. సున్నం పని చేస్తుంది, కాదనను. కానీ మట్టి పొడిగా నలిగి ఉండాలి, 4 నుంచి 6 శాతం సున్నం ప్రతి పొరలోనూ సమంగా కలవాలి. ఇటుక పెళ్లలంత తడి ముద్దల మీద సున్నం చల్లితే పైపూత తెల్లబడుతుంది, లోపల మట్టి అలాగే ఉంటుంది. ఇసుక పోస్తే చాలనేవాళ్లూ ఉన్నారు. నల్లరేగడి మీద ఉత్త ఇసుక పొర మంచిది కాదు. వాన నీళ్లు ఇసుకలో నిలబడి కింది మట్టిని మెల్లమెల్లగా తడుపుతూనే ఉంటాయి. కావలసింది ఉబ్బని గుణం, కొంచెం జిగురు రెండూ ఉన్న ఎర్ర గ్రావెల్. 8 అంగుళాలకి మించని పొర పోసి, తడి చేసి, ప్లేట్ కంపాక్టర్‌తో కొట్టాలి. అది దిగాకే తర్వాతి పొర. పైన 250 మైక్రాన్ల పాలిథిన్ షీటు, దాని మీద పీసీసీ.

లెక్క విషయంలో కూడా మోసపోయాం. నిజంగా మూడు అడుగులు గ్రావెల్ నింపితే 3000 ఘనపు అడుగులు, అంటే దిమ్మిస కొట్టాక 30 యూనిట్లు (యూనిట్ అంటే 100 ఘనపు అడుగులు, ఒక ట్రాక్టరు). గుల్లగా వచ్చే మట్టికి నాలుగో వంతు కలుపుకుంటే 38 ట్రాక్టర్లు. బిల్లులో 38 అనే రాశారు, అందుకే అనుమానం రాలేదు. తర్వాత ఎదురింటివాళ్లని అడిగితే పన్నెండు, పదమూడు ట్రిప్పులు మించి రాలేదన్నారు. పైనున్న ఒక్క అడుగుకి లెక్క సరిపోయింది. కాగితం మీద లెక్క చూశాం కానీ గేటు దగ్గర ట్రిప్పులు లెక్కపెట్టలేదు. అదీ మన తప్పే.

కట్టించుకుంటున్నవాళ్లకి గబగబా రెండు మాటలు. ఫిల్లింగ్ బిల్లు ఇచ్చేముందు ప్రతి గదిలోనూ ఒక మూల, ఒకటి మధ్యలో, నేల మట్టం దాకా మూడు అడుగుల గుంట తవ్వించి చూడండి. పైపైన గీకి చూస్తే తెలియదు. ప్రతి ట్రిప్పుకీ ఫోటో తీయండి. గోతులు తీసిన మట్టి సైట్‌లో కనిపించకుండా పోయాకే ఫిల్లింగ్ మొదలుపెట్టించండి. గొయ్యి తవ్విన రోజే అడుగున 4 అంగుళాల బెడ్ కాంక్రీటు పడాలి. ఒక్క వాన పడినా ఆ మెత్తబడ్డ బురద గీకేసి గట్టి మట్టి వచ్చాకే వేయించండి. రెడీమిక్స్ వస్తే చీటీలో లోడింగ్ టైము చూసుకోండి, రెండు గంటలు దాటకూడదు. ఇల్లు అయ్యాక చుట్టూ 3 అడుగుల వెడల్పున, 40కి 1 వాలుతో కాంక్రీటు అప్రాన్ వేయించండి. డాబా నీళ్ల పైపులు పునాది పక్కన వదలొద్దు.

మొన్న మా వెనక వీధిలో ఇదే మనిషి ఇంకో బేస్‌మెంట్ నింపడం మొదలుపెట్టాడు. పైన ఎర్రగా కనిపిస్తోంది. ఆ ఇంటివాళ్లు గానీ, వాళ్లని ఎరిగినవాళ్లు గానీ ఇది చదువుతుంటే, పీసీసీ పడకముందే ఒక గునపం పట్టుకుని వెళ్లండి.