ఫార్మాట్ చేయకుండా కారణం పట్టుకున్న దుకాణం

సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌ను జంట నగరాల్లో కంప్యూటర్ కొన్నవారికీ, బాగు చేయించుకున్నవారికీ కొత్తగా పరిచయం చేయనక్కర్లేదు. అందరూ దాన్ని సీటీసీ అనే అంటారు. ఆ భవనంలో ఇద్దరు నిలబడితే మూడో మనిషికి చోటు చాలనంత చిన్న మరమ్మతు దుకాణం ఒకటుంది. ఈ సమీక్ష దాని గురించి. దుకాణం నడిపే యువకుడు ఒక్కడే పని చేసుకుంటాడు. రద్దీ పెరిగితే ఒక్కో యంత్రానికి ఇచ్చే సమయం తగ్గిపోతుందని అతను అన్నందువల్ల పేరు రాయడం లేదు. అయినా అతను పనిచేసిన తీరును వివరంగా రాయాలనిపించింది. ఆ తీరు ఎలా ఉంటుందో తెలిస్తే, ఏ ఊళ్లో ఉన్నవారైనా తమ దగ్గరి మెకానిక్‌ను ఏం అడగాలో తెలుసుకుంటారు.

మా ఇంటి డెస్క్‌టాప్ ఆన్ చేస్తే విండోస్ లోగో వచ్చేది, దాని కింద చుక్కలు కాసేపు గుండ్రంగా తిరిగేవి, తెర నల్లబడేది, మళ్లీ మొదటి నుంచి అదే వరుస. మధ్యమధ్యలో ‘ప్రిపేరింగ్ ఆటోమేటిక్ రిపేర్’ అని కనిపించేది. ఆ రిపేర్ కూడా ఏదో వెతికి, బాగు చేయలేకపోయానని చెప్పి ఊరుకునేది. ఇంటికి దగ్గర్లో ఉన్న ఒక సర్వీసు సెంటర్‌లో చూపిస్తే, యంత్రం మూత కూడా తీయకుండా, ‘విండోస్ కరప్ట్ అయింది, ఫార్మాట్ చేసి కొత్తగా వేయాలి’ అని తేల్చేశారు. డేటా కావాలంటే దానికి వేరే ఛార్జీ అన్నారు.

ఆ మాటకు నేను ఒప్పుకోలేకపోవడానికి గట్టి కారణం ఉంది. ఆ కంప్యూటర్ మీద నేను చుట్టుపక్కల పాఠశాలలకు ప్రశ్నపత్రాలు, పెళ్లి శుభలేఖలు టైపు చేసి ఇస్తాను. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేర్‌లో, అను అనే తెలుగు ఫాంట్లతో ఏళ్ల తరబడి చేసిన పని అంతా అందులోనే ఉంది. అను ఫాంట్లలో టైపు చేసిన తెలుగు యూనికోడ్ కాదు, అంటే అన్ని యంత్రాలూ ఒకేలా చదవగల ప్రామాణిక పద్ధతిలో ఉండదు. ఆ ఫాంట్లు లేని యంత్రంలో అదే ఫైలు తెరిస్తే అక్షరాల బదులు అర్థం లేని గుర్తులు కనబడతాయి. డీటీపీ (కంప్యూటర్ మీద అచ్చు పేజీలు కూర్చే పని) చేసేవారందరికీ ఇది అనుభవమే. అంటే ఫైళ్లను కాపీ చేసి ఇచ్చినంత మాత్రాన నా పని మళ్లీ మొదలు కాదు. పాత సాఫ్ట్‌వేర్, ఫాంట్లు, కీబోర్డు అమరిక అన్నీ ఉన్నవి ఉన్నట్టుగా ఉండాలి. విండోస్‌లోనే ఉండే ‘రీసెట్ దిస్ పీసీ’లో ఫైళ్లను ఉంచుకునే ఎంపిక ఎంచుకున్నా, మనం వేయించుకున్న ప్రోగ్రాములను అది తీసేస్తుంది. కాబట్టి ఫార్మాట్ అనేది మెకానిక్‌కు అరపూట పని కావచ్చు కానీ, యంత్రం మీద ఆధారపడి బతికేవారికి అది వారాల నష్టం. సీటీసీ దుకాణానికి వెళ్లింది అందుకే.

అక్కడ నాకు మొదట నచ్చింది అతను వేసిన ప్రశ్నలు. యంత్రాన్ని బల్ల మీద పెట్టగానే స్క్రూడ్రైవర్ అందుకోలేదు. “మేడమ్, లోగో వచ్చినాక రీస్టార్ట్ అయితుందా, రాకముందే అయితుందా? యూపీఎస్ మీద ఉందా, సీదా గోడ ప్లగ్గులోనా? ఈ మధ్య కొత్తగా ఏమన్నా వేయించిండ్రా?” అని ఒకదాని తర్వాత ఒకటి అడిగాడు. ఈ ప్రశ్నలు కాలక్షేపానికి వేసినవి కావు. లోగో రాకముందే మళ్లీ మొదలవుతుంటే విండోస్ ఇంకా రంగంలోకే రాలేదన్నమాట. అప్పుడు ర్యామ్, మదర్‌బోర్డు, కరెంటు సరఫరా, చివరికి ఇరుక్కుపోయిన పవర్ బటన్ కూడా అనుమానించాల్సినవే. లోగో తర్వాత అయితే విండోస్ ఫైళ్లు, ఒక్కో భాగాన్ని విండోస్‌తో కలిపి నడిపించే డ్రైవర్లనే చిన్న ప్రోగ్రాములు, డిస్కు కూడా ఆ జాబితాలో చేరతాయి. యూపీఎస్ బ్యాటరీ చచ్చిపోయి, లోడు పడగానే అది చేతులెత్తేసే ఇళ్లు చాలా ఉన్నాయని, అందుకే ఎవరు ఫోన్ చేసినా ముందు గోడ ప్లగ్గులో పెట్టి చూడమంటానని చెప్పాడు. ఆ పని మేము అప్పటికే చేసి చూశాం. కొత్తగా వేయించినది మాత్రం ఒకటుంది: మా అబ్బాయి ఆటల కోసం పాత కంప్యూటర్‌లోనే పెట్టించిన గ్రాఫిక్స్ కార్డు.

రెండో పనిగా డేటా సంగతి చూశాడు. ఏ పరీక్షా మొదలుపెట్టక ముందే ఫైళ్లన్నీ ఉండే డిస్కును, అంటే ఎస్‌ఎస్‌డీని బయటికి తీసి, యూఎస్‌బీ అడాప్టర్‌తో తన యంత్రానికి తగిలించి, నేను తీసుకెళ్లిన ఎక్స్‌టర్నల్ డిస్కులోకి నా కళ్లెదుటే కాపీ చేశాడు. మాటిమాటికీ కరెంటు తెగే యంత్రంలో డిస్కును ఉంచి ప్రయోగాలు చేస్తే, డిస్కు రాస్తున్న సమయంలో యంత్రం ఆగిపోయి, అందులో ఉన్న ఫైళ్లు కూడా పాడవుతాయన్నది అతని వివరణ. డిస్కు ఆరోగ్యం తెలిపే స్మార్ట్ వివరాలను కూడా అప్పుడే చూసి, డిస్కులో లోపం లేదని చెప్పాడు. మాది పాత విండోస్ 10 కాబట్టి ఈ పని సాఫీగా సాగింది. డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్ అయి ఉన్న కొత్త యంత్రాల్లో అయితే 48 అంకెల రికవరీ కీ లేనిదే డిస్కు తెరుచుకోదు. ఆ కీ చాలామందికి వారి మైక్రోసాఫ్ట్ ఖాతాలోనే దొరుకుతుంది. ఖాతా ఏ మెయిల్‌తో తెరిచారో మరిచిపోయి అతని దగ్గర తలపట్టుకున్నవారు చాలామందే ఉన్నారట.

ఇక అసలు వెతుకులాట. ఇంత వివరంగా రాస్తున్నది ఈ భాగం కోసమే. యంత్రాన్ని ముందు బయోస్ తెరలోకి, అంటే విండోస్ మొదలుకాక ముందే వచ్చే సెట్టింగ్స్ తెరలోకి తీసుకెళ్లి అలాగే వదిలేశాడు. అక్కడ అది కదలకుండా నిలబడింది. ‘చూశారా, హార్డ్‌వేర్ బాగానే ఉంది’ అని చాలామంది ఇక్కడే ముగించేస్తారు. అతను అలా అనలేదు. బయోస్‌లో కూడా రీస్టార్ట్ అయితే తప్పు విండోస్‌ది కాదని ఖాయంగా చెప్పవచ్చు కానీ, అక్కడ నిలబడినంత మాత్రాన హార్డ్‌వేర్ బాగుందని చెప్పలేమని, ఎందుకంటే బయోస్‌లో ఉన్నప్పుడు యంత్రం పెద్దగా కరెంటు తీసుకోదని వివరించాడు. తర్వాత రికవరీ తెరలోంచి స్టార్టప్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి, అత్యవసరమైన వాటితోనే విండోస్ నడిచే సేఫ్ మోడ్‌లో తెరిచాడు. సేఫ్ మోడ్‌లో విండోస్ శుభ్రంగా తెరుచుకుంది, ఎంతసేపు ఉంచినా ఆగలేదు. ఈ లక్షణం చూస్తే ఎవరికైనా డ్రైవర్ మీదో, విండోస్ మీదో అనుమానం వస్తుంది. మొదటి సెంటర్ వారు ఈ పరీక్ష చేసి ఉన్నా ఫార్మాట్ అనే అనేవారేమో.

అతను మాత్రం సేఫ్ మోడ్‌లోనే, యంత్రంలో జరిగినవాటిని విండోస్ రాసిపెట్టే ఈవెంట్ వ్యూయర్ తెరిచి, యంత్రం ఆగిపోయిన సమయాల దగ్గర నమోదైన కెర్నల్-పవర్ 41 అనే ఎంట్రీలు చూపించాడు. యంత్రం పద్ధతి ప్రకారం మూతపడకుండా మళ్లీ మొదలైందని ఆ ఎంట్రీకి అర్థం. అందులో బగ్‌చెక్ కోడ్ అనే చోట ప్రతిదానికీ సున్నా ఉంది. విండోస్ తనంతట తాను కూలిపోయి ఉంటే నీలి తెర మీద కనిపించే కోడ్ మామూలుగా అక్కడ నమోదై ఉండేది. సున్నా ఉందంటే, ఆ సంగతి రాసుకునే వ్యవధి కూడా విండోస్‌కు దొరకలేదని అనుమానించాలి. దాన్ని నిర్ధారించుకోవడానికి మళ్లీ స్టార్టప్ సెట్టింగ్స్‌కు వెళ్లి తొమ్మిదో ఎంపికను, అంటే లోపం వచ్చినప్పుడు దానంతటది రీస్టార్ట్ కాకుండా ఆపే ఎంపికను నొక్కాడు. విండోస్ లోపమే అయితే ఇప్పుడు నీలి తెర వచ్చి అక్కడే ఆగాలి. ఆగలేదు. తెర నల్లబడి, ఫ్యాన్లు ఒక్క క్షణం నెమ్మదించి, యథాప్రకారం మళ్లీ మొదలైంది. “ఇది విండోస్ చేస్తలేదు మేడమ్, కరెంటే తెగుతుంది” అన్నాడు. నా దృష్టిలో ఆ మరమ్మతు మొత్తంలో అతి విలువైన మాట అదే. నా పేజ్‌మేకర్, నా ఫాంట్లు ఆ మాటతోనే మిగిలాయి.

ఆ తర్వాత పని త్వరగా సాగింది. ర్యామ్ కడ్డీలు తీసి, వాటి అంచులను రబ్బరుతో రుద్ది, ఒక్కొక్కటే పెట్టి చూశాడు; తేడా లేదు. గ్రాఫిక్స్ కార్డు తీసేసి మానిటర్‌ను మదర్‌బోర్డుకే తగిలిస్తే విండోస్ మామూలుగా తెరుచుకుంది. అయితే కార్డే పాడయిందా? అదే కార్డును తన బల్ల మీది యంత్రంలో పెడితే ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది. మిగిలింది ఎస్‌ఎంపీఎస్, అంటే గోడ కరెంటును మార్చి యంత్రం లోపలి భాగాలకు అందించే డబ్బా. కార్డును మళ్లీ మా యంత్రంలోనే పెట్టి, మల్టీమీటర్‌తో 12 వోల్టుల తీగను పట్టి ఆన్ చేశాడు. ఆ తీగలో 5 శాతం వరకు హెచ్చుతగ్గులు ఉండవచ్చు, అంటే 11.4 నుంచి 12.6 వోల్టుల దాకా పర్వాలేదు. విండోస్ లోగో దాటి గ్రాఫిక్స్ డ్రైవర్ లోడవుతున్న చోట మా ఎస్‌ఎంపీఎస్ ఆ గీత కిందికి జారింది, వెంటనే తెర నల్లబడింది. సేఫ్ మోడ్‌లో ఎందుకు నిలబడిందో అప్పుడు స్పష్టమైంది: అక్కడ గ్రాఫిక్స్ కార్డు అసలు డ్రైవర్ లోడు కాదు, కార్డు పూర్తి బలంతో పని చేయదు, పాత ఎస్‌ఎంపీఎస్ ఆ కాస్త భారం ఎలాగో మోయగలిగింది. తన దగ్గరున్న మంచి ఎస్‌ఎంపీఎస్ తగిలించగానే కంప్యూటర్ మొదటిసారే తెరుచుకుంది.

పాతది క్యాబినెట్‌తో పాటే వచ్చింది. దాని మీది స్టిక్కర్ 450 వాట్లు అంటుంది. దాన్ని విప్పి, పైభాగం ఉబ్బిన కెపాసిటర్లను చూపించాడు. ప్లగ్గు తీసేసిన తర్వాత కూడా వాటిలో ప్రమాదకరమైన విద్యుత్తు నిల్వ ఉంటుందని, ఇంట్లో ఎవరూ ఎస్‌ఎంపీఎస్ డబ్బా విప్పకూడదని గట్టిగా చెప్పాడు. ఇది చదివేవారికి కూడా అదే నా విన్నపం.

ఫార్మాట్ చేసి ఉంటే ఏమయ్యేదో ఆలోచిస్తే బాధ కలుగుతుంది. కొత్త విండోస్ వేశాక గ్రాఫిక్స్ డ్రైవర్ వేసేదాకా యంత్రం బాగానే నడిచేది, వేయగానే మళ్లీ అదే వరుస మొదలయ్యేది. అప్పటికి నా పని పోయి ఉండేది, ఎస్‌ఎంపీఎస్ మాత్రం అలాగే ఉండేది. విండోస్ లోపం వల్లనే రీస్టార్ట్ అవుతున్నప్పుడు కూడా ఫార్మాట్ తప్పనిసరి కాదు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సైబర్ భద్రతా సంస్థ పంపిన తప్పు అప్‌డేట్ వల్ల ప్రపంచవ్యాప్తంగా దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలు నీలి తెర, రీస్టార్ట్‌ల మధ్య చిక్కుకున్నాయని మైక్రోసాఫ్ట్ లెక్క చెప్పింది. ఆ రోజు శంషాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు చేతితో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చిన సంగతి మనవారికి గుర్తుండే ఉంటుంది. అంత పెద్ద సంక్షోభానికి మందు సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఒక్క ఫైలును తొలగించడమే. కారణం తెలిస్తే పని అంత చిన్నదవుతుంది.

ఖర్చు విషయానికి వస్తే, పరీక్షకు 300 రూపాయలు ముందే చెప్పాడు, మరమ్మతుకు ఒప్పుకున్నాక దాన్ని బిల్లులో తగ్గించాడు. కరెంటు వృథా తక్కువని తెలిపే 80 ప్లస్ బ్రాంజ్ గుర్తున్న 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్‌కు, 18 శాతం జీఎస్‌టీ కలుపుకొని, 3,900 రూపాయలు తీసుకున్నాడు. ఆన్‌లైన్‌లో వెతికితే అదే సరుకు కొంత తక్కువకు దొరుకుతుంది. అయినా ఏది కొనాలో తేల్చినందుకు ఆ తేడా న్యాయమేనని నా అభిప్రాయం. మూడేళ్ల వారంటీ ఉన్న బిల్లు, పాత ఎస్‌ఎంపీఎస్ రెండూ చేతికిచ్చాడు. తేదీ వెనక్కి పోతోందని గమనించి, యంత్రం గడియారాన్ని నడిపే సీఆర్2032 అనే చిన్న బ్యాటరీ మార్చాడు, దాని ధర తప్ప వేరే తీసుకోలేదు.

లోపాలు కూడా చెప్పాలి. ఎంత ఖర్చవుతుందో నోటిమాటగానే చెబుతాడు. కాగితం మీద అంచనా రాసి ఇవ్వడు, యంత్రం వదిలి వెళితే రసీదు కూడా అడిగి తీసుకోవాల్సి వచ్చింది. వేలు విలువ చేసే వస్తువు అప్పగించినప్పుడు ఇది సరైన పద్ధతి కాదు, అతను మార్చుకోవాలి. పనిలో ఉంటే ఫోన్ ఎత్తడు. ఇంటికి వచ్చి చూసే సేవ లేదు. పెద్ద వయసు వారికి, ఒంటరిగా ఉండేవారికి క్యాబినెట్ మోసుకొని పార్క్ లేన్ దాకా రావడం చాలా కష్టం. అక్కడ కారు నిలపడానికి చోటు దొరకడం ఇంకా కష్టం, ఆటోలో వెళ్లడమే మేలు. కూర్చోవడానికి స్టూలు కూడా లేదు, వరండాలో నిలబడాలి.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసిందని గుర్తుచేసి, మా ప్రాసెసర్ విండోస్ 11కు సరిపోదని కూడా అతనే చెప్పాడు. కానీ కొత్త యంత్రం కొనమని ఒత్తిడి చేయలేదు. నెట్ అవసరం లేని డీటీపీ పనికి దీన్ని ఉంచుకొని, బ్యాంకు లావాదేవీలకు వేరేది వాడమన్నాడు.

అక్కడికి వెళ్లేవారు మానిటర్, కీబోర్డు మోసుకెళ్లనక్కర్లేదు, క్యాబినెట్ ఒక్కటి చాలు. ఖాళీ ఉన్న ఎక్స్‌టర్నల్ డిస్కు, మైక్రోసాఫ్ట్ ఖాతా మెయిల్, పాస్‌వర్డ్ వెంట ఉంచుకోండి. రీస్టార్ట్ అయ్యేటప్పుడు తెర మీద ఏం కనిపిస్తుందో ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి, అతను ముందు అదే అడుగుతాడు. ఉదయం దుకాణం తెరవగానే వెళ్లడం మంచిది. మధ్యాహ్నం తర్వాత ఆ ఒక్క బల్ల మీద ఖాళీ ఉండదు.