గ్రూపులో మెసేజా, మెయిలా, ఎదురుగా మాటా: టీమ్ లీడ్‌కి ఏది మేలు?

హైదరాబాద్‌లో పద్నాలుగు మంది టీమ్‌ని చూసుకోవడం మొదలుపెట్టిన కొత్తలో నేను అన్నీ వాట్సాప్ గ్రూపులోనే పెట్టేవాణ్ణి. సెలవులు, షిఫ్టులు, క్లయింట్ ఏమన్నాడు, ఎవరి పని ఎక్కడ ఆగింది, అన్నీ. ఒక్కసారి టైప్ చేస్తే అందరికీ చేరిపోతుంది, ఇంతకంటే సుఖం ఏముంది అనుకునేవాణ్ణి. ఒకరోజు రాత్రి పదిన్నర దాటాక ఒక రిపోర్ట్‌లో లెక్కలు తప్పుగా వస్తున్నాయని చూసి, గ్రూపులో "ఏంటిది?" అని ఒక్క ముక్క పెట్టాను. నిజంగా అడగడానికే అడిగాను, ఎవరికైనా తెలుసేమోనని. పన్నెండు మంది చూశారు, ఒక్కరూ పలకలేదు. ఆ రిపోర్ట్ చూసుకునే కుర్రాడు రాత్రంతా నిద్రపోలేదని మర్నాడు టీ తాగుతుంటే టీమ్‌లో ఇంకో అమ్మాయి చెబితే గానీ నాకు తెలియలేదు.

అదే "ఏంటిది" నోటితో అంటే అది ఆశ్చర్యమో, కోపమో, సరదాకి అన్నదో గొంతు చెప్పేస్తుంది. రాస్తే మాత్రం చదివేవాళ్లు తమ భయాన్ని బట్టి చదువుకుంటారు, అందులోనూ రాసింది పైవాడైతే ఇక చెప్పక్కర్లేదు. "సరే"కీ "సర్లే"కీ ఎంత తేడా ఉందో మనందరికీ తెలుసు. రోజూ "కొంచెం చూడమ్మా" అనే మనిషి ఉన్నట్టుండి "వెంటనే చూడగలరు" అని రాస్తే అవతలివాళ్లకి టెన్షన్ మొదలైపోతుంది, ఏం తప్పు చేశానా అని. వాట్సాప్‌లో పంపిన మెసేజ్‌ని 15 నిమిషాల్లోపు మార్చుకోవచ్చు గానీ, అప్పటికే చదివేసినవాళ్ల సంగతేంటి?

కాబట్టి గ్రూపు దేనికి మంచిదంటే, "మీటింగ్ నాలుగింటికి మారింది", "సర్వర్ డౌన్, చూస్తున్నాం" లాంటి వాటికి. మెచ్చుకోవడానికి కూడా చాలా మంచిది, పదిమంది ముందు పొగిడితే ఎవరికైనా బాగుంటుంది. అంతకు మించి వద్దు.

మెయిల్ దారి వేరు. ఆరు నెలల తర్వాత "అలా ఎప్పుడు అనుకున్నాం?" అని ఎవరైనా అడిగితే వెతికి తీసి చూపించగలం. ఇంకో లాభం, రాయడానికి కూర్చుంటే మనకే తెలుస్తుంది, చెప్పాలనుకున్నదాంట్లో ఎంత స్పష్టత ఉందో. 2004లో జెఫ్ బెజోస్ అమెజాన్ పెద్దల సమావేశాల్లో పవర్‌పాయింట్ స్లైడ్లు వద్దని, విషయాన్ని పూర్తి వాక్యాల్లో రాసుకుని రమ్మని చెప్పారు. అక్కడ సమావేశం మొదట్లో అందరూ ఆ కాగితాలు మౌనంగా చదివి, ఆ తర్వాతే చర్చ మొదలుపెట్టే పద్ధతి వచ్చింది. మాలాంటి టీమ్‌లకి ఇది మరీ అవసరం. సగం మంది ఇక్కడ, సగం మంది డాలస్‌లో ఉంటే చలికాలంలో పదకొండున్నర గంటల తేడా, మనకి రాత్రి ఎనిమిదైతే వాళ్లకి ఉదయం ఎనిమిదిన్నర. నిర్ణయం వెనక కారణం మెయిల్‌లో వివరంగా లేకపోతే, దాని కోసమే ఒకరు తిండి మానుకుని కాల్‌లో కూర్చోవాలి. కానీ మనిషి పనితీరు మీద మాట మెయిల్‌లో రాసి, పై మేనేజర్‌ని సీసీలో పెట్టారంటే అది ఫిర్యాదే. మీరు ఎంత మర్యాదగా రాసినా సరే, ఆ మనిషి మీతో మళ్లీ మనసు విప్పి మాట్లాడరు.

ఎదురుగా మాట్లాడటానికి ఖర్చు ఎక్కువ, ఒప్పుకుంటాను. పద్నాలుగు మందిని అరగంట కూర్చోబెడితే ఏడు గంటల పని పోయినట్టే, పైగా ఎవరికి గుర్తున్నది వాళ్లది. అయినా చెడు కబురుకి, తప్పు దిద్దడానికి, జీతం పెరగలేదని చెప్పడానికి ఇంకో దారి లేదని నా గట్టి అభిప్రాయం. 2021 డిసెంబరులో అమెరికాలో బెటర్ డాట్ కామ్ సీఈఓ విశాల్ గార్గ్ ఒకే ఒక్క జూమ్ కాల్‌లో సుమారు 900 మందిని ఉద్యోగాల్లోంచి తీసేశారు. అదీ నోటిమాటే, మనిషి కనిపిస్తూనే ఉన్నాడు. కానీ అవతలివాళ్లు తిరిగి ఒక్క ప్రశ్న వేసే వీలు లేనప్పుడు దాన్ని మాట్లాడటం అనలేం కదా. తర్వాత ఆయన చెప్పిన తీరుకి క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది.

నేను ఇప్పుడు పాటించేది ఇది: పని గురించైతే రాత ముందు, మాట తర్వాత. మనిషి గురించైతే మాట ముందు, అదీ ఒక్కరితోనే, అవసరమైతే అనుకున్నవి రెండు లైన్లు తర్వాత రాసి పంపుతాను. ఇంటి నుంచి పని చేసేవాళ్లైతే కనీసం ఫోన్ చేస్తాను.

ఆ కుర్రాణ్ణి మర్నాడు మధ్యాహ్నం క్యాంటీన్‌కి తీసుకెళ్లాను. ప్లేట్‌లో అన్నం కెలుకుతూ మొదట అడిగిన మాట, "అన్నా, నన్ను ప్రాజెక్ట్‌లోంచి తీసేస్తున్నారా?" పది నిమిషాలు మాట్లాడితే తేలింది, తప్పు తనది కాదు, అవతలి టీమ్ ఫైల్ ఫార్మాట్ మార్చి ఎవరికీ చెప్పలేదు. తనకి అక్కడే సారీ చెప్పాను. కానీ నా మెసేజ్ చూసింది తనొక్కడే కాదు కదా, అందుకే సీటుకి వచ్చాక అదే గ్రూపులో, ఆ "ఏంటిది?" కిందే రాశాను: "రాత్రి నేను పెట్టిన మెసేజ్ అడగడానికే, ఎవరినీ అనడానికి కాదు. తప్పు మన వైపు లేదు. అలా రాయకుండా ఫోన్ చేసి ఉండాల్సింది, సారీ."