వెళ్లలేకపోయిన కచేరీలు: ఏ రికార్డింగు మనల్ని ఎంతదూరం తీసుకెళ్తుంది?

ఆ రాత్రి ఆ హాల్లో మనం లేము. అప్పటికింకా పుట్టలేదు, లేదా టికెట్ దొరకలేదు, లేదా వచ్చే ఏడాది చూద్దాంలే అనుకునేలోపు పాడే మనిషే వెళ్లిపోయాడు. ఈ వెలితి ఉన్నవాళ్లు చివరికి కొనుక్కునేది లైవ్ ఆల్బమో కచేరీ సినిమానో. వాటికి కొదవేమీ లేదు గానీ, చాలావాటిలో ఆ రాత్రి పాడిన పాటలు ఉంటాయి తప్ప ఆ రాత్రి ఉండదు. హాలు ఎంత పెద్దదో చెవికి తెలియాలి, పాటకీ పాటకీ మధ్య గడిచిన సమయం మిగిలి ఉండాలి, జనం స్పందన పాడేవాళ్ల మీద పనిచేయడం వినిపించాలి. ఈ మూడూ ఎంత మిగిలాయన్నదే ఇక్కడ కొలమానం.

మొదట కొనాల్సింది అమెరికన్ సోల్ గాయకుడు జేమ్స్ బ్రౌన్ 'లైవ్ ఎట్ ది అపోలో'. 1962 అక్టోబర్ 24న న్యూయార్క్ హార్లెమ్‌లోని అపోలో థియేటర్లో రికార్డు చేశారు. పాత పాటలనే మళ్లీ స్టేజీ మీద పాడితే ఎవరు కొంటారని రికార్డు కంపెనీ యజమాని ఒప్పుకోలేదు. బ్రౌన్ తన డబ్బుతో చేయించాడు. మొత్తం అరగంట పైచిలుకే. అందులో 'లాస్ట్ సమ్‌వన్' ఒక్కటే పది నిమిషాలు దాటుతుంది. వెనక బ్యాండు ఒకే చిన్న వరసను వదలకుండా తిప్పుతూ ఉంటుంది. బ్రౌన్ ఒక మాట అని ఆగుతాడు. ఆ ఖాళీలో ఆడవాళ్ల కేకలు లేస్తాయి. కేకలు ఎంత పైకి లేస్తే తర్వాతి మాటను అంత లాగుతాడు. జనం కూడా ఒక వాయిద్యం అనిపించే రికార్డింగు ఇది. ఒక్క జాగ్రత్త: ఎల్పీలో, అంటే రెండు పక్కలుండే పెద్ద గ్రామఫోన్ ప్లేటులో, ఈ పాట సరిగ్గా మధ్యలో తెగి రెండో పక్కకి వెళ్తుంది. ప్లేటు తిప్పేలోపు పట్టు జారిపోతుంది. తెగకుండా ఉన్న సీడీయో ఫైలో తీసుకోండి.

జనం ధ్వని మితిమీరితే ఏమవుతుందో లాస్ ఏంజెలెస్‌లోని ఆరుబయలు వేదిక హాలీవుడ్ బౌల్‌లో చేసిన బీటిల్స్ రికార్డింగులో తెలుస్తుంది. 1964లో ఒక రాత్రి, 1965లో రెండు రాత్రులు మూడు ట్రాకుల టేపు మీద ఎక్కించారు. పాడేవాళ్లకు వాళ్ల ధ్వని వాళ్లకే వినిపించే మానిటర్ స్పీకర్లు అప్పట్లో స్టేజీ మీద లేవు. ఆ అరుపుల్లో వాళ్లకి వాళ్ల గొంతులే వినపడలేదు. అయినా శ్రుతి తప్పకుండా, లయ జారకుండా ఎలా వాయించారన్నదే ఇందులో వినాల్సింది. 1977 ఎల్పీ కన్నా 2016లో ప్రొడ్యూసర్ జైల్స్ మార్టిన్ చేసిన మిక్స్ చాలా మేలు, గొంతులూ డ్రమ్సూ అరుపుల్లోంచి బయటికి వచ్చాయి. కానీ మూడు రాత్రుల ముక్కలు కలిపి కుట్టిన ఆల్బమ్ కాబట్టి ఒక సాయంత్రం గడిపిన తృప్తి రాదు.

ఇలా కలిపి కుట్టడమే లైవ్ ఆల్బమ్‌లకు పెద్ద జబ్బు. రాక్ బ్యాండు డీప్ పర్పుల్ 'మేడ్ ఇన్ జపాన్' 1972 ఆగస్టు 15, 16 తేదీల్లో ఒసాకాలో, 17న టోక్యోలో చేసిన కచేరీల్లోంచి ఏరిన ఏడు పాటలు. ధ్వని మాత్రం ఈనాటికీ తిరుగులేనిది. నాలుగో పక్క మొత్తం 'స్పేస్ ట్రకిన్' ఒక్కటే. దీనికి మందు కూడా ఉంది: మూడు రాత్రుల రికార్డింగులూ ఉన్న 2014 సెట్. ఒకే పాటను వరసగా మూడు రాత్రులూ వినండి. గిటార్ ఎక్కడ దారి మార్చిందో, ఆర్గన్ దాన్ని ఎంతసేపటికి అందుకుందో తెలుస్తుంది. ఏ రాత్రికా రాత్రి వేరు అని నోటితో చెప్పడం వేరు, ఇలా పక్కపక్కన పెట్టి వినడం వేరు.

రెండో జబ్బు స్టూడియో మరమ్మతు. స్టేజీ మీద తప్పిన చోట్లను తర్వాత స్టూడియోలో మళ్లీ వాయించి అతికిస్తారు. ఐరిష్ రాక్ బ్యాండు థిన్ లిజ్జీ 1978 ఆల్బమ్ 'లైవ్ అండ్ డేంజరస్‌'లో ఇలా ఎంత అతికించారన్న దాని మీద ప్రొడ్యూసర్ టోనీ విస్కోంటీ మాటకీ బ్యాండ్ వైపు మాటకీ ఈనాటికీ పొత్తు కుదరలేదు. చెవితో పట్టుకోవాలంటే పాడేవాడి మైకును గమనించండి. స్టేజీ మీది మైకు గొంతుతో పాటు వెనక డ్రమ్స్‌నూ తాళాలనూ కొంత లాగుతుంది. పాడేవాడు మైకుకి దూరం జరిగితే గొంతు తగ్గుతుంది, వెనకున్న తాళాల మోత మిగిలిపోతుంది. పాట పొడుగునా గొంతు ఒకే దూరంలో, చుట్టూ ఏ మోతా లేకుండా శుభ్రంగా ఉంటే అనుమానించాల్సిందే. కోరస్ గొంతులు గీత గీసినట్టు ఒకేసారి మొదలై ఒకేసారి ఆగినా అంతే.

కచేరీ సినిమాల్లో అన్నిటికన్నా పైన పెట్టాల్సింది అమెరికన్ బ్యాండు టాకింగ్ హెడ్స్ 'స్టాప్ మేకింగ్ సెన్స్'. 1983 డిసెంబర్లో హాలీవుడ్ పాంటేజెస్ థియేటర్లో జొనాథన్ డెమీ తీశాడు. ఖాళీ స్టేజీ మీదికి బ్యాండు గాయకుడు డేవిడ్ బర్న్ ఒక గిటార్, ఒక టేప్‌రికార్డర్‌తో ఒంటరిగా వస్తాడు. తర్వాత పాట పాటకీ మనుషులు చేరతారు, డ్రమ్స్ ఉన్న వేదికను పనివాళ్లు మన కళ్ల ముందే తోసుకొస్తారు. ప్రేక్షకుల ముఖాలను దాదాపు చివరిదాకా చూపించరు, కాబట్టి ఆ కుర్చీ మనదే అవుతుంది. కొనేటప్పుడు ఎడిషన్ చూసుకోవాలి. 1984 ఎల్పీలో 9 పాటలే. ఒక్కొక్కరుగా చేరుతూ కచేరీ పెరిగే తీరు అందులో పూర్తిగా పోయింది. 1999 ఎడిషన్‌లో 16 ఉన్నాయి. 2023లో వచ్చినదే పూర్తిది.

గాయని అరీతా ఫ్రాంక్లిన్ భక్తిగీతాల కచేరీ 'అమేజింగ్ గ్రేస్‌' 1972 జనవరి 13, 14 తేదీల్లో లాస్ ఏంజెలెస్‌లోని ఒక చర్చిలో రికార్డయింది. ఆల్బమ్ ఆ ఏడాదే వచ్చింది. సినిమా మాత్రం 2018 దాకా బయటికి రాలేదు. మొదటి కారణం, షాటు మొదట్లో క్లాప్ బోర్డు కొట్టలేదు. ఏ బొమ్మకి ఏ ధ్వనో కలిపే ఆనవాలు లేక రీళ్లన్నీ మూలపడ్డాయి. సాంకేతిక పరిజ్ఞానం పెరిగాక గాని పెదాలూ పాటా కలవలేదు. కలిశాక అరీతాయే కోర్టుకెళ్లి విడుదల ఆపించింది. ఒక చెక్క పలక కొట్టకపోవడంతో మొదలై రెండు తరాలు దీన్ని చూడలేకపోయాయి. ఆల్బమ్ కొనేవాళ్లు 1999లో వచ్చిన రెండు రాత్రుల పూర్తి రికార్డింగులు తీసుకోండి.

మన చెవులకు ప్రత్యేకంగా తోచేది 1971 ఆగస్టు 1న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జరిగిన బంగ్లాదేశ్ సహాయ కచేరీ. సితార్‌తో రవిశంకర్, సరోద్‌తో అలీ అక్బర్ ఖాన్, తబలాతో అల్లా రఖా శ్రుతి సరిచూసుకుంటారు. అది ముగియగానే హాలంతా చప్పట్లు. శ్రుతి చేసుకోవడమే ఇంత నచ్చితే వాయించేది ఇంకా నచ్చుతుందని ఆశిస్తున్నానంటూ రవిశంకర్ మర్యాదగా అంటాడు. ఆ నిమిషాన్ని ఆల్బమ్‌లోంచి కత్తిరించకుండా ఉంచినవాళ్లకు దండం పెట్టాలి.

రాక్ బ్యాండు లెడ్ జెపెలిన్ 2007 డిసెంబర్ 10న లండన్ ఓ2 అరీనాలో ఇచ్చింది ఒక్క రాత్రి కచేరీ. అందులో లేమన్న బాధ చాలామందికి ఇంకా పచ్చిగానే ఉంది. 2012లో వచ్చిన 'సెలబ్రేషన్ డే'లో 16 పాటలూ వరస చెడకుండా ఉన్నాయి. అడిగేవాళ్లకు మొహమాటం లేకుండా ఇప్పించదగ్గ సరుకు.

కంపెనీలు విడుదల చేయని రాత్రుల కోసం అభిమానుల టేపులున్నాయి. అమెరికన్ బ్యాండు గ్రేట్‌ఫుల్ డెడ్ అభిమానుల రికార్డింగును అనుమతించింది, 1984 నుంచి టేపు చేసేవాళ్లకు హాల్లో విడిగా చోటే ఇచ్చింది. ఆ బ్యాండు 1977 మే 8న కార్నెల్ యూనివర్సిటీలో చేసిన కచేరీ టేపుగా చేతులు మారుతూనే పేరు తెచ్చుకుంది, 2017లో గాని అధికారికంగా రాలేదు. ఇలాంటివి ఎంచుకునేటప్పుడు స్టేజీ మీది మైకుల ధ్వనులన్నీ కలిపే మిక్సింగ్ బోర్డు నుంచి నేరుగా తీసిన టేపే గొప్పదనుకోకండి. చిన్న హాల్లో గిటార్ ఆంప్లిఫయర్ మోత దానంతటదే సరిపోతుంది కాబట్టి దాన్ని బోర్డుకి పెద్దగా పంపరు. టేపులో గొంతు మీద పడుతుంది, గిటార్ ఎక్కడో పక్కింట్లో ఉన్నట్టుంటుంది. జనంలో కూర్చుని తీసిన టేపులో హాలు ఉంటుంది, స్పష్టత తగ్గుతుంది. రెండూ కలిపినది బాగుంటుంది, కలిపే పని తెలిసినవాడు చేస్తే. స్టేజీకి 34 మీటర్ల దూరంలో ఉన్న మైకుకి ధ్వని సెకనులో పదో వంతు ఆలస్యంగా చేరుతుంది. జనంలో తీసిన టేపును అంత ముందుకి జరపకపోతే ప్రతి డ్రమ్ దెబ్బా రెండుసార్లు వినిపిస్తుంది. పైగా రెండు యంత్రాల వేగంలో 0.1 శాతం తేడా ఉన్నా గంట తిరిగేసరికి 3.6 సెకన్లు జారిపోతుంది.

90 నిమిషాల క్యాసెట్టుకి పక్కకి 45 నిమిషాలు. ఆ చోట పాట మధ్యలో కోత ఉందేమో చూడండి. శ్రుతి అర స్వరం పైకి వినిపిస్తే టేపు దాదాపు 6 శాతం వేగంగా తిరిగినట్టు. దాన్ని గిటార్‌తో పోల్చకండి, కావాలనే తీగలు దించి వాయించేవాళ్లుంటారు. శ్రుతి మారని ఆర్గన్‌తో పోల్చండి.

ఎంత మంచి రికార్డింగైనా వినే ఏర్పాటు బాగాలేకపోతే పాడైపోతుంది. యాప్‌లో షఫుల్, ఒక పాట చివరను తర్వాతి పాట మొదటితో కలిపేసే క్రాస్‌ఫేడ్ ఆపేయండి. పాటల మధ్య ఖాళీ రాకుండా చేసే గ్యాప్‌లెస్ సెట్టింగు ఆన్ చేయండి, లేకపోతే చప్పట్లు మధ్యలో టక్కున తెగుతాయి. ధ్వని స్థాయిని సమం చేసే సెట్టింగు ఉంటే ఆల్బమ్ మొత్తానికి ఒకే స్థాయి ఉండేలా పెట్టండి. పాట పాటకీ విడిగా సమం చేస్తే మెల్లగా మొదలై ఉప్పెనలా ముగిసే కచేరీ చదునైపోతుంది. టీవీలో పెద్ద చిన్న ధ్వనుల తేడాను తగ్గించే నైట్ మోడ్, కదలికను నున్నగా చేసే సెట్టింగు రెండూ తీసేయండి. బ్లూటూత్ స్పీకర్‌తో చూస్తే డ్రమ్ కర్ర పడ్డాక దెబ్బ వినిపించే ప్రమాదం ఉంది, కాబట్టి తీగ కలపండి.

చివరగా రాక్ బ్యాండు నిర్వాణా ఎంటీవీ కోసం చేసిన 'అన్‌ప్లగ్డ్' కచేరీ. 1993 నవంబర్ 18న న్యూయార్క్‌లో జరిగింది. ఆల్బమ్ వచ్చేనాటికి బ్యాండు గాయకుడు కర్ట్ కోబేన్ బతికి లేడు. 1994 సీడీ చక్కగానే ఉంటుంది గానీ మధ్య మాటలు చాలా పోయాయి. 2007 డీవీడీలో ఏ పాట పాడాలా అని తడుముకోవడాలు, జనంతో పరాచికాలు అన్నీ యథాతథంగా ఉన్నాయి. ఆఖరి పాట తర్వాత ఇంకొకటి పాడమని అడిగితే కోబేన్ ఒప్పుకోలేదు. ఆ పాట చివర గొంతు చీరుకుపోయేలా పాడి, ముగింపు మాటలకు ముందు ఒక్క క్షణం ఆగి ఊపిరి తీసుకుంటూ కళ్లు పెద్దగా తెరుస్తాడు. ఊపిరి సీడీలోనూ వినిపిస్తుంది. ఆ కళ్లు చూడాలంటే డీవీడీయే కొనాలి.