మేరీ ఆంటోనెట్ గౌన్ల కోసం పారిస్ వెళ్తే

పారిస్ పక్కనున్న వెర్సాయ్ కోటకి వచ్చేవాళ్లలో సగం మంది దాన్ని కట్టించిన రాజు పద్నాలుగో లూయీ కోసం కాదు, ఫ్రెంచి విప్లవంలో తల పోగొట్టుకున్న రాణి మేరీ ఆంటోనెట్ కోసం వస్తారని నా అనుమానం. మా ఇంటి సంగతికొస్తే అనుమానమే లేదు. మా అమ్మాయి జపాన్ బొమ్మల కథల పిచ్చిలో పడి రియోకో ఇకెడా 1972లో మొదలుపెట్టిన 'రోజ్ ఆఫ్ వెర్సాయ్' చదివింది. తర్వాత ఈ రాణి మీద 2006లో సోఫియా కొప్పోలా తీసిన సినిమా చూసింది. ఐఫిల్ టవర్ ఎటూ పోదు, ముందు ఈ రాణి ఉన్న చోట్లన్నీ చూడాల్సిందేనని పట్టుబట్టింది. లండన్‌లో యూరోస్టార్ ఎక్కి ముగ్గురం వెళ్లొచ్చాం.

బస గార్ దు నోర్ స్టేషన్ దగ్గరే తీసుకున్నాం. రైలు దిగి పెట్టెలు లాక్కుంటూ నడిచి వెళ్లిపోవచ్చు. ఇంకో పెద్ద సుఖం, పక్కనే లా షపెల్ వైపు శ్రీలంక తమిళుల హోటళ్లు. వేడి దోసె, సాంబారు, కూరలతో అన్నం అన్నీ దొరుకుతాయి. రెండు పూటలు బ్రెడ్డు తింటే మా ఆయన ముఖం మాడిపోతుంది కాబట్టి మాకిది చాలా ముఖ్యం. అయితే పొద్దుపోయాక స్టేషన్ చుట్టుపక్కల తిరగడం నాకంత నచ్చలేదు. హోటల్ గది శుభ్రంగానే ఉంది కానీ లిఫ్టులో ఒక మనిషీ ఒక పెట్టే పడితే గొప్ప. పెద్దవాళ్లని తీసుకెళ్లేవాళ్లు ఒక రాత్రి వెర్సాయ్ ఊళ్లోనే ఉండటం మేలు. కోట ప్రాంగణంలోనే 2021లో తెరిచిన లె గ్రాండ్ కంట్రోల్ అనే హోటల్ కూడా ఉంది. అక్కడి అద్దెలు చూసి దూరం నుంచే దండం పెట్టాం.

వెర్సాయ్‌కి ఆర్‌ఈఆర్ సి అనే లోకల్ రైలు. చివరి స్టేషన్ 'వెర్సాయ్ షాతో రీవ్ గోష్' అని ఉన్న బండే ఎక్కండి, అక్కణ్నుంచి పది నిమిషాల నడక. సోమవారం కోట మూసేస్తారు, అందుకే మంగళవారం జనం విరగబడతారు. టికెట్ కోట వారి సొంత సైటులో టైము చూసుకుని తీసుకోండి. మేము వేరే బుకింగ్ సైటులో 'క్యూ లేకుండా ప్రవేశం' అని ఎక్కువ డబ్బు పెట్టి కొన్నాం. తీరా చూస్తే భద్రతా తనిఖీ క్యూ అందరికీ ఒకటే, ఎండలో నిలబడక తప్పలేదు.

లోపల రాణి పడకగదిలో అందరూ మంచం చుట్టూ ఉన్న పూల పట్టు కోసం ఫోన్లు ఎత్తుతారు. మీరు మాత్రం మంచానికి ఎడమ పక్క గోడలో కలిసిపోయిన చిన్న తలుపు చూడండి. 1789 అక్టోబరు 6 తెల్లవారుజామున జనం కోటలోకి చొరబడినప్పుడు ఆమె ఆ తలుపు గుండానే రాజు గదుల వైపు పారిపోయింది. అక్కడే మా అమ్మాయి అడిగింది, "అమ్మా, ఇంతకీ ఆవిడ గౌన్లు ఎక్కడ పెట్టారు?"

లేవు. కోటంతా వెతికినా ఆమె తొడుక్కున్న గౌను ఒక్కటి కనపడదు. వాడిన బట్టల్ని అంతఃపుర స్త్రీలకి ఇచ్చేయడం అప్పటి ఆనవాయితీ. మిగిలినవి విప్లవంలో లూటీ అయ్యాయి. పారిస్‌లోని జాతీయ పురాభిలేఖాగారంలో 1782 నాటి ఆమె దుస్తుల పుస్తకం ఒకటి భద్రంగా ఉంది. పేజీల నిండా గౌను గుడ్డల ముక్కలు అతికించి ఉంటాయి. పొద్దున్నే పుస్తకం తెస్తే, ఆ రోజు వేసుకోబోయే వాటి పక్కన రాణి గుండుసూది గుచ్చేదట.

కోటలో జనం పట్టించుకోకుండా దాటిపోయే బొమ్మ ఒకటుంది. ఎలిజబెత్ విజే లె బ్రన్ 1787లో పూర్తిచేసిన పెద్ద చిత్రం. ఎర్ర మఖ్మల్ గౌనులో రాణి, చుట్టూ పిల్లలు, ఖాళీ ఊయలని చూపిస్తున్న కొడుకు. బొమ్మ వేస్తుండగానే చంటిపిల్ల సోఫీ చనిపోయింది. దుబారా మనిషన్న పేరు పోగొట్టి మంచి తల్లిగా చూపించడానికి వేయించిన బొమ్మ అది. పేరైతే పోలేదు.

నన్నడిగితే టికెట్ డబ్బులు గిట్టేది కోటలో కాదు, తోట అవతల రాణి విడిది ఇల్లున్న ట్రియనాన్ వైపు. అది తెరిచేదే మధ్యాహ్నం పన్నెండుకి కాబట్టి పొద్దున కోట, తర్వాత అటు. తోటలో నడిచి వెళ్తే అరగంట పడుతుంది. చిన్న రైలుబండి ఉంది, దానికి విడిగా డబ్బు కట్టాలి. మేం వెళ్లేటప్పుడు నడిచి, వచ్చేటప్పుడు బండెక్కాం.

పెటీ ట్రియనాన్ పదిహేనో లూయీ తన ప్రియురాలి కోసం మొదలుపెట్టిన ఇల్లు, 1774లో మేరీ ఆంటోనెట్ చేతికొచ్చింది. తెల్లటి మల్లు బట్ట గౌనులో, గడ్డి టోపీతో 1783లో విజే లె బ్రన్ వేసిన చిత్రం గొడవ తెలిస్తే ఈ చోటు ఇంకా బాగా అర్థమవుతుంది. రాణిని లోదుస్తుల్లో చూపించారని పారిస్ గగ్గోలెత్తింది. ఫ్రెంచి పట్టు మానేసి విదేశీ నూలు కట్టిందని ఇంకో నింద. అప్పట్లో అంత పల్చటి నూలుకి పేరు మన దేశానిదే మరి. ఆ బొమ్మని ప్రదర్శన నుంచి తీసేసి, పట్టు గౌనులో గులాబీ పట్టుకున్న బొమ్మ పెట్టారు. ఇంతా అయ్యాక ఆ మల్లు గౌనే యూరప్ అంతటా ఫ్యాషనైపోయింది.

ఇంకాస్త ముందుకెళ్తే 'రాణిగారి పల్లె'. వాస్తుశిల్పి రిషార్ మీక్ 1783లో మొదలుపెట్టాడు. చెరువు, గడ్డి కప్పు ఇళ్లు, మేకలు, కోళ్లు. ఒక ఇంటి గోడ దగ్గరికెళ్లి చూడండి. పాతబడినట్టు కనపడాలని కొత్త గోడ మీద బీటలు రంగుతో గీయించారు. మా ఆయన వేలితో చూపిస్తూ, "మనూళ్లో ఇవి ఫ్రీగా వస్తాయి" అన్నాడు. రాణి ఇంటిని డియోర్ కంపెనీ డబ్బుతో బాగుచేసి 2018లో తెరిచారు, లోపలికి గైడుతోనే వెళ్లనిస్తారు. మాకు దొరకలేదు.

గౌన్ల ఆశ తీరింది మాత్రం లండన్‌లో. విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో 2025 సెప్టెంబరు నుంచి 2026 మార్చి దాకా ఈ రాణి ఫ్యాషన్ మీదే పెద్ద ప్రదర్శన పెట్టారు. ఆమె పట్టు చెప్పు ఉంది, సినిమా కోసం కుట్టిన బట్టలున్నాయి, ఈ కాలం డిజైనర్లు ఆమె పేరు చెప్పి కుట్టినవీ ఉన్నాయి. అసలు కన్నా కొసరే ఎక్కువ. అయినా మా అమ్మాయి కదిలితే ఒట్టు.

మాకరాన్లనే బాదం పిండి మిఠాయిల సంగతీ అంతే. ఆ సినిమాలో రంగురంగుల మాకరాన్లు గుట్టలుగా పెట్టారని లాద్యురే కొట్టు ముందు రాణి పేరు చెప్పుకుని నిలబడేవాళ్లున్నారు. కొట్టు పుట్టిందే 1862లో, ఆమె పోయిన ఎన్నో ఏళ్లకి. రుచికి వంక పెట్టను.

పారిస్‌లో కాన్సియర్జెరీ జైలు తప్పనిసరి. 1793 ఆగస్టు నుంచి అక్టోబరు 16న తల నరికే గిలటిన్‌కి తీసుకెళ్లేదాకా ఆమె ఉన్నది ఇక్కడే. టికెట్‌తో పాటే టాబ్లెట్ కంప్యూటర్ ఇస్తారు, గది మధ్య నిలబడి ఎత్తితే అప్పటి దృశ్యం కనపడుతుంది. పిల్లలకి బాగుంటుంది. ఆమె గది ఉన్న చోట తర్వాత ప్రార్థనామందిరం కట్టారు. పక్కనే ఉన్న సెంట్ షపెల్ చర్చితో కలిపి టికెట్ తీసుకుంటే కలిసొస్తుంది. కాంకార్డ్ కూడలి కోసం ప్రత్యేకంగా వెళ్లక్కర్లేదు, గిలటిన్ ఉన్న చోట ఇప్పుడంతా ట్రాఫిక్కే.

సెన్ లజార్ స్టేషన్‌కి దగ్గర్లో రూ పాస్కియే మీద షపెల్ ఎక్స్‌పియాటువార్ అని చిన్న గుడి ఉంది. రాజునీ రాణినీ మొదట పాతిపెట్టిన శ్మశానం అది. ఆమె విగ్రహం పీఠం మీద, చనిపోయే రోజు తెల్లవారుజామున ఆడపడుచు ఎలిజబెత్‌కి రాసిన ఉత్తరం చెక్కి ఉంటుంది. ఆ ఉత్తరం ఎలిజబెత్‌కి చేరనే లేదు. మేమున్నంతసేపూ అక్కడ మేము కాక ఒక ముసలాయన, అంతే. తెరిచే వేళలు తక్కువ, చూసుకుని వెళ్లండి. 1815లో అవశేషాల్ని సెన్ డెనీ చర్చికి మార్చారు. మెట్రో 13 దాని దగ్గరే దింపుతుంది. సమాధులున్న వైపుకి టికెట్ ఉంటుంది.

ఎవరికైనా ఏదైనా పట్టుకెళ్లాలంటే రూ దె సెన్ పేర్‌లోని దెబోవ్ ఎ గాలే చాక్లెట్ కొట్టు చూడండి. రాణిగారికి మందు చేదు తెలియకుండా, కొట్టు పెట్టిన సుల్పీస్ దెబోవ్ చాక్లెట్ బిళ్లల్లో కలిపి ఇచ్చేవాడని వాళ్లు చెప్పే కథ. బిళ్లలు ఇప్పటికీ ఆమె పేరుతోనే అమ్ముతున్నారు. ఖరీదే, కానీ మాకరాన్లలా పెట్టెలో నలగవు.