గాలి మిషన్‌తో మూడేళ్ల కాపురం

ఆటోనగర్ లారీ షెడ్ల మధ్య రోజూ కారు తోలేవాళ్లకి మేకు నెలనెలా కట్టే చీటీ లాంటిది. ఆ చీటీ ఎప్పుడూ ఎడమ వెనక టైరే పాడుకుంటుంది. ఇందులో ఏలినాటి శని ఏమీ లేదు. ఇనప చెత్తంతా రోడ్డు ఎడమ అంచుకి చేరుతుంది, పడుకున్న మేకుని ముందు టైరు లేపి నిలబెడుతుంది, వెనకది పోయి గుచ్చుకుంటుంది.

అందుకే ట్యూబ్‌లెస్ పంచర్ కిట్టూ, సిగరెట్ లైటర్ సాకెట్‌కి పెట్టే గాలి మిషనూ. మొదటి ఏడాది అడిగినవాళ్లందరికీ రెండూ కొనమన్నాను. ఇప్పుడైతే ఒక్కటే.

కిట్టుకి వంక పెట్టలేం. చక్రం విప్పక్కర్లేదు. మేకు ఏ వాలుగా దిగిందో చూసి పీకి, అదే వాలులో రీమర్ (బొక్కని సాపు చేసే గరుకు పుల్ల) తిప్పాలి. లోపల ఉక్కు తీగలు కరకరలాడితే భయపడి ఆపేస్తారు చాలామంది. బొక్క సాపు కాకపోతే అవే తీగలు బొక్కలో కూరే రబ్బరు స్ట్రిప్పుని కోసేస్తాయి. స్ట్రిప్పుని సూదికి ఎక్కించి, దాని కొసలు సెంటీమీటరు బయట ఉండేదాకా పొడిచి, సూదిని ఒక్క గుంజు గుంజి, మూడు నాలుగు మిల్లీమీటర్లు వదిలి కొయ్యాలి. సబ్బు నీళ్లలో బుడగ రాకపోతే అయిపోయినట్టే. టైరు పక్క గోడకి పడితే మాత్రం ఆశ వదులుకోవాలి.

ఏడిపించిందల్లా మిషను ప్లగ్గు. మే నెల మిట్టమధ్యాహ్నం, గుంటూరు వెళ్తూ కాజ టోల్‌గేటు దాటాక. పంచరు వేయడం పది నిమిషాల్లో అయింది. కావాల్సింది 33 పీఎస్‌ఐ ఒత్తిడి, గాలి 18 దగ్గర మిషను మూగబోయింది. ఆ ప్లగ్గు కొసన తిప్పితే ఊడే మూత, మూతలో గాజు ఫ్యూజు, వెనక చిన్న స్ప్రింగు ఉంటాయి. సాకెట్‌లో వదులుగా కూర్చుంటే కొస వేడెక్కి ప్లాస్టిక్ మెత్తబడుతుంది, స్ప్రింగు లోపలికి దిగబడిపోతుంది. మూత విప్పగానే ఫ్యూజూ స్ప్రింగూ సీటు కిందకి జారాయి. వెతికితే దొరికినవి రూపాయి బిళ్లా, నాలుగు వేరుశనగ గుళ్లూ. స్టెప్నీ వేద్దామంటే అందులోనూ గాలి లేదు. దానికి గాలి కొట్టాల్సింది ఈ మిషనే!

అప్పట్నుంచీ ఇంజన్ ఆన్‌లో ఉంచి, ఎనిమిది నిమిషాలకోసారి ఆపి, ప్లగ్గు ముట్టుకుని చూస్తూ వాడుతున్నాను. మీటరు కూడా మిషను ఆపాకే చూడాలి, నడుస్తున్నప్పుడు ఎక్కువ చూపిస్తుంది.

ఇంటి పక్కనే గాలి కొట్టే బంకు ఉన్నవాళ్లకి కిట్టొక్కటి చాలు. నాలా హైవే మీద తిరిగేవాళ్లయితే బ్యాటరీకి క్లిప్పులు తగిలించే రకం చూసుకోండి. అది నేనింకా వాడలేదు.