షార్జాలో సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్ళకు హెచ్చరిక: నీళ్ళలో మునిగిన బండి నాకు అంటగట్టారు

రాత్రి పన్నెండున్నర అయింది. నాకు ఆ బండి అమ్మిన మనిషితో ఫోన్ మాట్లాడి రెండు గంటలు కూడా కాలేదు, చేతులింకా వణుకుతున్నాయి. పొద్దున అయిదింటికే లేచి బస్సు పట్టుకోవాలి. అయినా ఇది రాయకుండా పడుకోలేను.

ముందు సంగతి తొందరగా చెప్పేస్తాను. ఉండేది షార్జా, ఉద్యోగం దుబాయ్ అవతలి చివర జబెల్ అలీలో, బిల్డింగ్ మెటీరియల్ కంపెనీలో సేల్స్. సొంత బండి ఉంటే నెలకింత పెట్రోల్ డబ్బులు ఇస్తామని కంపెనీ వాళ్ళన్నారు. లైసెన్స్ మూడో టెస్టులో వచ్చింది. ఊళ్ళో ఇంటి మీద స్లాబు వేయడానికి దాచిన డబ్బు తీసి, అక్టోబరులో 2019 మోడల్ నిస్సాన్ సన్నీ కొన్నాను. 21,500 దిర్హామ్‌లు. మన డబ్బుల్లో దాదాపు ఐదు లక్షలు.

అమ్మినాయన పేరు రాయడం లేదు. ఎందుకో కింద చెప్తాను. మన గోదావరి జిల్లాల మనిషే. ఇక్కడి తెలుగువాళ్ళలో చాలామందికి తెలుసు. సంక్రాంతి సంబరాలకు చందాలు పోగుచేసేవాళ్ళలో ఒకడు. ఇంతకుమించి ఆనవాలు ఇవ్వను.

బండి చూడ్డానికి వెళ్ళిన రోజు ఇంట్లోకి పిలిచి కూర్చోబెట్టాడు. వాళ్ళావిడ టీతో పాటు పూతరేకులు పెట్టింది. "తమ్ముడూ, బయటివాళ్ళకు 24 వేలు చెప్పాను. నువ్వు మనవాడివి, ఆడపిల్ల తండ్రివి, నీ దగ్గర లాభం చూసుకోను" అన్నాడు. వానల సంగతి నేను నోరు తెరిచి అడిగాను. 2024 ఏప్రిల్ 16 నాటి వాన మనలో ఎవరం మరిచిపోలేదు కదా. 1949 నుంచి లెక్కలు రాస్తున్నారు, అంత వాన ఎన్నడూ పడలేదు. అల్ ఐన్ దగ్గర ఒక్క రోజు లోపే 254 మిల్లీమీటర్లు. మన షార్జాలో మజాజ్, కాసిమియా వీధుల్లో రోజుల తరబడి నీళ్ళు నిలిచిపోయాయి. అందుకే అడిగాను. ఆయన గుండె మీద చెయ్యి వేసుకుని, "ఆ రోజు బండి దుబాయ్‌లో మా ఆఫీసు పార్కింగ్‌లో, మూడో అంతస్తులో ఉంది. చుక్క తడవలేదు, మా పిల్లల మీద ఒట్టు" అన్నాడు.

పిల్లల మీద ఒట్టేసిన మనిషిని ఇంకేం అడగమంటారు?

పాసింగ్, అంటే రిజిస్ట్రేషన్‌కు ముందు జరిగే బండి తనిఖీ, అయిపోయింది. ముల్కియా (బండి రిజిస్ట్రేషన్ కార్డు) నా పేరు మీదకు మారింది. పాసింగ్ అయిందంటే బండి బాగున్నట్టేనని నమ్మాను. అదే నేను చేసిన పెద్ద తప్పు. వాళ్ళు బ్రేకులు, లైట్లు, టైర్లు, ఛాసిస్ చూస్తారు. కార్పెట్ ఎత్తి చూడరు. బయట మూడు నాలుగు వందల దిర్హామ్‌లు ఇస్తే బండి మొత్తం విప్పినంత పనిగా చూసి రిపోర్ట్ ఇచ్చేవాళ్ళున్నారు. ఆ మాట మా రూమ్మేట్ చెప్పాడు కూడా. "మనవాళ్ళ దగ్గర కొంటూ అలా చెక్ చేయిస్తే ఏమనుకుంటారో" అని నేనే వద్దన్నాను.

పోయిన మంగళవారం పొద్దున ఏడింటికి షేక్ మొహమ్మద్ బిన్ జాయెద్ రోడ్డు మీద, మిర్దిఫ్ దాటాక, మూడో లేన్‌లో ఉండగా మీటర్ బోర్డు మొత్తం ఒక్కసారి ఆరిపోయింది. స్టీరింగ్ బిగుసుకుపోయింది. వెనక ట్రక్కు హారన్ మోగుతూనే ఉంది. పక్కకు ఎలా లాగానో ఇప్పటికీ తెలియదు. ఆ రోడ్డు మధ్యలో కారణం లేకుండా బండి ఆపితే వెయ్యి దిర్హామ్‌ల ఫైన్, లైసెన్స్ మీద ఆరు బ్లాక్ పాయింట్లు. ఫైన్ సంగతి అటుంచండి, ఆ వేగంలో వెనకవాడు చూసుకోకపోతే ఈ పోస్టు రాయడానికి నేను ఉండేవాణ్ణి కాదు.

రికవరీ బండి మీద ఇండస్ట్రియల్ ఏరియాకు తెచ్చాను. అక్కడ పెషావర్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన, ముప్పై ఏళ్ళుగా కార్ల ఎలక్ట్రికల్ పనే చేస్తున్నాడు. బానెట్ ఎత్తలేదు. డ్రైవర్ సీటు దగ్గర వంగి వాసన చూశాడు. సీటు బోల్టులు విప్పబోతే ఒకటి తుప్పు పట్టి విరిగింది. సీటు బయటపెట్టి, కార్పెట్ అంచు పట్టుకుని లాగాడు. కింద స్పాంజి, దాని కింద ఎండిన బురద. చెరువు ఎండితే నేల బీటలు తీస్తుంది చూడండి, అలా పెచ్చులు పెచ్చులుగా ఉంది. ఆ బురదలో ఒక వేపాకు రెబ్బ అతుక్కుని ఉంది. గోధుమరంగుకు తిరిగినా ఆకులు ఆకులుగానే ఉంది. ఆయన దాన్ని గోటితో తీసి నా అరచేతిలో పెట్టి, "బాబూ, ఈ బండి నీళ్ళు తాగింది" అన్నాడు హిందీలో.

తర్వాత సీటు బెల్టు చివరిదాకా లాగాడు. మనం రోజూ పెట్టుకునే భాగం శుభ్రంగా ఉంది, లోపల చుట్టుకుని ఉండే భాగం మీద మట్టి గీత. గేర్ దగ్గర ప్లాస్టిక్ విప్పితే ఎయిర్‌బ్యాగ్ బాక్స్‌కు వెళ్ళే పిన్నులు పచ్చగా చిలుం పట్టి ఉన్నాయి. కీ తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ గుర్తు వెలిగి ఆరిపోవాలి. నా బండిలో అది వెలగడమే లేదట. మీటర్ వెనక ఎవరో కావాలనే దాన్ని తీసేశారట. రెండు నెలలు నా భార్య ముందు సీట్లో, పాప వెనక సీట్లో తిరిగారు. ఎయిర్‌బ్యాగ్ పనిచేయదని తెలిసి, ఆ లైటు తీయించి, ఆ బండి నాకు అమ్మారు. డబ్బు సంగతి ఎప్పటికైనా మరిచిపోతానేమో కానీ ఇది మరిచిపోను.

ఆయనకు తెలియకుండా జరిగిందేమో అని నిన్నటిదాకా మనసుకు సర్దిచెప్పుకుంటూనే ఉన్నాను. నిన్న సాయంత్రం వాళ్ళ బిల్డింగ్‌కు వెళ్ళాను. ఆయన ఇంట్లో లేడు. వాచ్‌మన్‌కు ఫోన్‌లో కారు ఫొటో చూపించి అడిగాను. వెంటనే గుర్తుపట్టాడు. బేస్‌మెంట్‌లో నాలుగు రోజులు నీళ్ళలో ఉందని, స్టీరింగ్ దాకా మునిగిందని, పంపులు పెట్టి తోడాక తామే నలుగురం కలిసి నెట్టి బయట పెట్టామని చెప్పాడు. బండికి థర్డ్ పార్టీ ఇన్సూరెన్సే ఉండేదట, దానికి వరద నష్టం రాదు. ఆ నష్టం పూడ్చుకోవడానికి నేను దొరికాను.

ఈ రాత్రి ఫోన్ ఎత్తాడు. "అన్నా, బండి మీ బేస్‌మెంట్‌లోనే మునిగిందట కదా" అన్నాను. కాసేపు మాట లేదు. వెనక టీవీ చప్పుడు వినబడుతోంది. తర్వాత "ఎవరు చెప్పారు?" అన్నాడు. మునగలేదని అనలేదు. ఎవరు చెప్పారని అడిగాడు.

"రెండు నెలలు నడుపుకుని ఇప్పుడొచ్చి డబ్బులంటే ఎలా? చూసుకున్నావు, సంతకం పెట్టావు, తీసుకెళ్ళావు."

"పిల్లల మీద ఒట్టేశారు కదన్నా."

"చూడండి మిస్టర్, మా పిల్లల మాట ఎత్తితే మర్యాదగా ఉండదు. ఇంకోసారి ఫోన్ చేసినా, గ్రూపుల్లో నా పేరు పెట్టినా పోలీస్ కంప్లైంట్ ఇస్తాను. మీ వీసా మీరు చూసుకోండి."

మిస్టర్. రెండు నెలల క్రితం నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తమ్ముడూ అన్నాడు. బండి తాళం ఇచ్చేటప్పుడు నా భుజం తట్టి, డాష్‌బోర్డు మీదున్న చిన్న వినాయకుణ్ణి తీయబోయి, "ఉండనీలే తమ్ముడూ, నీకు మంచి జరుగుతుంది" అని అక్కడే వదిలాడు. ఆ బొమ్మ ఇప్పుడు నా ఎదురుగా టేబుల్ మీద ఉంది.

పేరు పెట్టమని ఇప్పటికే ఇద్దరు ముగ్గురు అడిగారు. పెట్టలేను. ఇక్కడి సైబర్ చట్టం, 2021లో వచ్చింది, దాని ప్రకారం ఆన్‌లైన్‌లో ఒకరి పరువు పోయేలా రాస్తే, వాట్సాప్‌లో తిట్టినా సరే, మన మీదే కేసవుతుంది. జైలు, భారీ జరిమానా, దేశం నుంచి పంపించేయడం దాకా పోవచ్చు. కోపం మీద వాయిస్ మెసేజ్‌లు మాత్రం పెట్టకండి. నేను అర్జీలు టైపు చేసిపెట్టే టైపింగ్ సెంటర్ వాళ్ళను కలిసి కంప్లైంట్ సంగతి కనుక్కుంటాను. వాచ్‌మన్ తన ఉద్యోగానికి భయపడి సాక్ష్యం చెప్పనంటున్నాడు. అతన్ని నేను తప్పుపట్టను.

మెకానిక్ రిపేరుకు 8,000 దాకా అవుతుందన్నాడు, అయినా గ్యారంటీ ఇవ్వలేనన్నాడు. తుక్కు కొనేవాళ్ళు 4,000 ఇస్తామన్నారు.

కొనేవాళ్ళు ఇవి చూసుకోండి. సీటు బెల్టు చివరిదాకా లాగండి. డిక్కీలో స్పేర్ టైరు తీసి ఆ గుంటలో చెయ్యి పెట్టండి. సీటు బోల్టులకు తుప్పు ఉందేమో చూడండి. కీ తిప్పినప్పుడు ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి ఆరాలి. ఛాసిస్ నంబరుతో ఆన్‌లైన్‌లో యాక్సిడెంట్లు ఉచితంగానే తెలుస్తాయి కానీ, పోలీసులకు చెప్పని వరద అందులో కనిపించదు. 2024 ఏప్రిల్‌లో, ఆ వాన నాటికి, బండికి ఏ ఇన్సూరెన్స్ ఉందో కాగితం అడగండి. మొహమాటపడకుండా బయట చెక్ చేయించండి.

ఇంకొకటి, ఇది రాయడానికి అసలు కారణం. మొన్న సాయంత్రం అదే మనిషి ఇక్కడి తెలుగువాళ్ళ గ్రూపులో మరో బండి అమ్మకానికి పెట్టాడు. వెండి రంగు కరోలా, 2018 మోడల్, ఫ్యామిలీ వాడింది, మనవాళ్ళకు మాత్రమే అని. ఈ శని, ఆదివారాల్లో ఎవరైనా దాన్ని చూడ్డానికి వెళ్తుంటే ముందు నాకు మెసేజ్ పెట్టండి. ఆ మెకానిక్‌ను వెంటబెట్టుకుని నేనే వస్తాను.